ఫోరెన్సిక్ ఫొటోగ్రఫీ పాఠ్యపుస్తకాల్లో తప్పులు ఎక్కడి నుంచి వచ్చాయి?

నేరస్థలం ఫొటో చూసి కొలతలు చెప్పగలగాలన్న పట్టుదల నూరేళ్ల పైనాటిది. పారిస్ పోలీసు శాఖలో అల్ఫోన్స్ బెర్టియాన్ 1880లలో నిందితుల ముఖాలను ఎదుటి నుంచి, పక్క నుంచి ఒకే పద్ధతిలో తీయించాడు. ఆ తర్వాత ఫొటో నుంచే దూరాలు లెక్కగట్టే విధానమూ తెచ్చాడు. స్విట్జర్లాండ్‌లో రోడోల్ఫ్ రైస్ 1903లో ఈ విద్యపై పుస్తకం రాశాడు, 1909లో లోజాన్ విశ్వవిద్యాలయంలో దీన్ని నేర్పే సంస్థ పెట్టాడు.

అక్కడి నుంచి దశాబ్దాల పాటు పాఠాలన్నీ ఫిల్ము చుట్టూనే తిరిగాయి. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆ అధ్యాయాలను మొదటి నుంచి తిరగరాయాలి. పాతవాటికే నాలుగు పేరాలు చేర్చి కొత్త ముద్రణ అంటే చిక్కే. లూమినాల్ పాఠమే తీసుకోండి. రక్తపు జాడ మీద అది చల్లితే సన్నటి నీలి వెలుగు వస్తుంది, చీకట్లో షటర్ చాలాసేపు తెరిచి ఉంచాలి. అంతసేపు తెరిస్తే ఫిల్ము స్పందన మందగిస్తుంది కాబట్టి లెక్కకు మించి టైము ఇవ్వాలి. డిజిటల్ సెన్సార్‌కు ఆ గుణం లేదు, దానితో వచ్చే ఇబ్బంది నాయిస్, అంటే ఫొటోలో అనవసరంగా కనిపించే చుక్కలు. పాత వాక్యం అలాగే ఉండిపోతే విద్యార్థి లేని లోపాన్ని సరిచేయబోయి ఫొటో పాడుచేసుకుంటాడు.

రెండో రకం తప్పులు పేజీ కూర్చేటప్పుడు పుడతాయి. నా దృష్టిలో ఇవే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే రచయిత రాసింది సరిగ్గానే ఉంటుంది. గాయాలు, పంటిగాట్లు తీసేటప్పుడు పక్కన పెట్టే 'ఎల్' ఆకారపు ఏబీఎఫ్ఓ (అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఫోరెన్సిక్ ఒడొంటాలజీ) స్కేలును 1988లో పరిచయం చేశారు. దాని మీద వృత్తాలు ఉంటాయి. కెమెరా వంకరగా పట్టుకుంటే అవి కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తాయి, తేడా వెంటనే తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ బొమ్మ కాలమ్‌లో పట్టలేదని లేఅవుట్‌లో అడ్డంగా నొక్కారనుకోండి. నిటారుగా తీసిన ఫొటోలోనూ వృత్తం సాగిపోతుంది. కింద క్యాప్షన్ మాత్రం 'సరైన కోణం' అంటుంది. విద్యార్థి దేన్ని నమ్మాలి? బొమ్మను తగ్గించాక కూడా 'నిజ పరిమాణం' అన్న క్యాప్షన్ మిగిలిపోవడం ఇలాంటిదే.

మార్గదర్శకాల సంగతీ అంతే. ఫోరెన్సిక్ ఫొటోలకు మార్గదర్శకాలు రాసేందుకు అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1997లో ఏర్పాటు చేసిన ఇమేజింగ్ కార్యవర్గం 2015లో ముగిసింది. దాన్ని ఇంకా నడుస్తున్నట్టు రాస్తే అదీ తప్పే.

భాష దిద్దే ఎడిటర్‌కు ఎపర్చర్ (లెన్సు ద్వారం) లెక్కలు తెలియాలని లేదు. విషయం తెలిసిన నిపుణుడు చూసేది చాలాసార్లు రాతప్రతినే, బొమ్మలు అమరిన ప్రూఫులను కాదు. నిపుణుడు ఆ ప్రూఫులను కూడా చదవాలి, 'నిజ పరిమాణం' అన్న ప్రతి బొమ్మనూ స్కేలు పెట్టి కొలవాలి. అచ్చయ్యాక దొరికిన తప్పుల పట్టికను ప్రచురణకర్త అందరికీ అందుబాటులో ఉంచాలి. ఇలాంటి పుస్తకాలు చదివినవాళ్లే రేపు కోర్టులో ఫొటో గురించి సాక్ష్యం చెబుతారు.