లక్షలో ఐదు వెలుగు కణాల కోసం: అపోహలు - వాస్తవాలు

వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే భారీ గ్రహాల మీద పడి తిరిగొచ్చే వెలుగును వెతకడం నా పని. ఈ మాట చెప్పగానే ఎదురయ్యే అపోహలు కొన్ని.

అపోహ: పెద్ద టెలిస్కోప్ ఉంటే గ్రహం చుక్కలా కనిపిస్తుంది.

నక్షత్రాన్ని ఆనుకుని తిరిగే వేడి గ్రహాలు విడిగా కనిపించవు. రెండింటి వెలుగూ కలిసిపోయే వస్తుంది. నక్షత్రం నుంచి లక్ష కణాలు వస్తే గ్రహం తిప్పి పంపినవి మహా అయితే ఐదారు. మరి వేరు చేసేదెలా? నక్షత్రపు వర్ణపటంలో, అంటే దాని వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో, సన్నటి నల్లగీతలు వేలల్లో ఉంటాయి. గ్రహం మీద పడి వచ్చిన వెలుగులోనూ అవే గీతలు ఉంటాయి, కానీ గ్రహం మనవైపు వస్తున్నప్పుడు నీలం వైపు, దూరం జరుగుతున్నప్పుడు ఎరుపు వైపు తప్పుకుంటాయి. స్వాతి ఉన్న నక్షత్ర మండలంలోనే టౌ బూటిస్ అనే నక్షత్రం ఉంది. గ్రహం లాగుడుకు అది సెకనుకు అర కిలోమీటరు లోపే ఊగుతుంది. 3.3 రోజులకోసారి చుట్టి వచ్చే దాని గ్రహం వేగం మాత్రం సెకనుకు 100 కిలోమీటర్ల పైనే. ఈ తేడాయే మాకు ఆధారం. ఒక్క గీతను చూస్తే ఏమీ తెలియదు. వేల గీతలను ఒకదాని మీద ఒకటి పేర్చి కూడితేనే ఆ మసక నకలు బయటపడే అవకాశం.

అపోహ: ఫొటోలు ఇప్పటికే వచ్చాయి కదా!

2008లో వెలువడిన, హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రపు గ్రహాల చిత్రాల్లో ఉన్నది వాటి సొంత వేడి, పరారుణ కాంతి. అది వేరే సంగతి.

అపోహ: గురుడంత గ్రహమైతే గురుడిలాగే మెరవాలి.

గురుడి మెరుపు అమోనియా మేఘాలది. నక్షత్రాన్ని ఆనుకుని తిరిగే గ్రహాల వెయ్యి డిగ్రీల వేడిలో ఆ మేఘాలు నిలవవు. సోడియం, పొటాషియం ఆవిర్లు వెలుగును మింగేస్తాయి. కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ చూసిన ట్రెస్-2బి అనే గ్రహం, పడిన వెలుగులో నూటికి మూడు వంతులు కూడా వెనక్కి పంపదు. బొగ్గు కంటే నలుపు! అలాగని అన్నీ ఒకటే కాదు. కెప్లర్-7బి అనే మరో గ్రహం దాదాపు మూడో వంతు తిప్పి పంపుతుంది.

అపోహ: దొరక్కపోతే శ్రమంతా వృథా.

ఇది నన్ను నిజంగా బాధపెట్టే మాట. 1999లో లా పాల్మా దీవి నుంచి ఒక జట్టు, టౌ బూటిస్ గ్రహపు వెలుగు దొరికినట్టుందని ప్రకటించింది. తర్వాత మరిన్ని రాత్రులు చూసి, ఆ సంకేతం నిలబడలేదని ఆ జట్టే చెప్పింది. ఆ ధైర్యమంటే నాకు గౌరవం. హవాయిలోని కెక్ టెలిస్కోప్‌తో అదే గ్రహం కోసం వెతికి, 1999లోనే ఫలితం ప్రకటించిన మరో జట్టుకు ఏమీ దొరకలేదు. కానీ గ్రహపు వెలుగు నక్షత్రపు వెలుగులో లక్షకు ఐదు వంతులు మించదని వాళ్లు లెక్కగట్టారు. గ్రహం సైజు గురుడికి కాస్త ఎక్కువ అనుకుంటే, అది గురుడి కంటే నల్లనిదని అప్పుడే తేలిపోయింది.