దాయాదులతో కలవని గోధుమ క్రోమోజోములు

గోధుమకు తుప్పు తెగులు పాత శత్రువు. దాన్ని తట్టుకునే జన్యువులు గోధుమకు చుట్టాలైన అడవి గడ్డి జాతుల్లో బోలెడన్ని ఉన్నాయి. వాటితో గోధుమను సంకరం చేయడం చాలాసార్లు సాధ్యమే. చిక్కంతా ఆ తర్వాతే. పుప్పొడి, అండం తయారయ్యే మియోసిస్‌ విభజనలో సంకర మొక్కలోని గోధుమ క్రోమోజోములు అడవి గడ్డి క్రోమోజోముల వైపు కన్నెత్తి కూడా చూడవు. జత కట్టకపోతే ముక్కల మార్పిడి జరగదు. మార్పిడి జరగకపోతే మనకు కావలసిన జన్యువు గోధుమలోకి రాదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకునే ప్రయత్నం లెక్కపెట్టడంతో మొదలైంది. గోధుమలో ఎన్ని క్రోమోజోములున్నాయో 1918 దాకా సరిగ్గా తెలియదు. ఆ ఏడాది జపాన్‌లో టెట్సు సాకమురా గోధుమ రకాలు 14, 28, 42 క్రోమోజోముల చొప్పున మూడు మెట్లుగా ఉన్నాయని తేల్చాడు. ఆయన విదేశాలకు వెళ్తూ ఆ పని హితోషి కిహారాకు అప్పజెప్పాడు. కిహారా 28 క్రోమోజోముల గోధుమను 42 క్రోమోజోముల గోధుమతో కలిపాడు. పుట్టిన మొక్కలో 35 ఉంటాయి కదా, అవి మియోసిస్‌లో ఎలా నిలబడ్డాయో చూడండి: 14 జతలు, 7 ఒంటరివి. అంటే రెండు గోధుమలకూ ఏడేసి క్రోమోజోముల రెండు సెట్లు ఉమ్మడి, మూడోది పెద్ద గోధుమకే సొంతం. వీటినే ఇప్పుడు ఎ, బి, డి జీనోములు అంటున్నాం. ఆ డి జీనోము ఏజిలాప్స్ టౌషీ అనే అడవి గడ్డి నుంచి వచ్చిందని 1944లో ఇటు కిహారా, అటు అమెరికాలో మెక్‌ఫాడెన్, సియర్స్ విడివిడిగా కనిపెట్టారు.

దాంతో అసలు ప్రశ్న ముందుకొచ్చింది. ఈ మూడు జీనోములూ ఒకే పూర్వీకుడి సంతానం. ఒక్కో జీనోములోని ఏడు క్రోమోజోములకు 1 నుంచి 7 దాకా అంకెలు పెట్టారు; 1ఎ అంటే ఎ జీనోములోని ఒకటో క్రోమోజోము. 1ఎ, 1బి, 1డి క్రోమోజోముల్లో జన్యువుల వరుస చాలా వరకు ఒకటే. మరి మియోసిస్‌లో 1ఎ వెళ్లి 1బితో ఎందుకు కలవదు? మైక్రోస్కోపు కింద మామూలు గోధుమ కణంలో 21 జతలు శుభ్రంగా కనిపిస్తాయి. ప్రతి క్రోమోజోమూ తన సొంత జతనే వెతుక్కుంటుంది, దాయాదుల జోలికి పోదు. అలా పోతే మూడు నాలుగు క్రోమోజోములు ఒకదానికొకటి చిక్కుకుంటాయి, కొన్ని ఒంటరిగా మిగిలిపోతాయి, పంపకం తేడా వస్తుంది, చివరికి గింజ సరిగా పట్టదు.

జవాబు దొరకడానికి ఎర్నెస్ట్ సియర్స్ ఓపిక కారణమని నా అభిప్రాయం. మిస్సోరిలో ఆయన చైనీస్ స్ప్రింగ్ అనే రకంలో ఒక్కో క్రోమోజోము తగ్గిన మొక్కల శ్రేణిని ఏళ్ల తరబడి తయారుచేశాడు. ఏ క్రోమోజోము లేకపోతే ఏం చెడుతుందో చూడటానికి అంతకన్నా మంచి సాధనం అప్పట్లో లేదు. 1957, 58 సంవత్సరాల్లో అమెరికాలో ఒకమోటో, సియర్స్, ఇంగ్లండులో రాల్ఫ్ రైలీ, విక్టర్ చాప్‌మన్ ఒకే చోటికి చేరారు: 5బి క్రోమోజోము లేకపోతే దాయాదులు కలుస్తున్నాయి. దాని పొడవాటి భుజం మీద ఉన్న ఆ నియంత్రణ స్థానానికి తర్వాత పీహెచ్1 అని పేరు స్థిరపడింది.

అడవి గడ్డి క్రోమోజోములూ ఇలాంటి దాయాదులే కాబట్టి, దీన్ని పక్కకు తప్పిస్తే అడవి జన్యువులకు దారి తెరుచుకుంటుంది. అంతకుముందు, 1956లో, సియర్స్ ఆకు తుప్పును తట్టుకునే జన్యువును తేవడానికి ఎక్స్-రేలతో క్రోమోజోములను విరగ్గొట్టాల్సి వచ్చింది. ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ అతుక్కుంటుందో చేతిలో లేని పని అది. 1968లో రైలీ బృందం వేరే దారి పట్టింది. పీహెచ్1 పనిని అణచే మరో అడవి గడ్డిని వాడి, పసుపు తుప్పును తట్టుకునే జన్యువును గోధుమలోకి దించింది. 1977లో సియర్స్ పీహెచ్1 ఉన్న ముక్కే ఎగిరిపోయిన పీహెచ్1బి అనే మొక్కను ప్రకటించాడు. సంకరాలు చేసేవారు నేటికీ దాన్ని వాడుతున్నారు. అయితే దాన్ని శాశ్వతంగా ఉంచుకోలేరు. తరాలు గడిచేకొద్దీ క్రోమోజోముల్లో అడ్డదిడ్డం మార్పులు పోగుపడతాయి, గింజలు తగ్గుతాయి. అందుకే కావలసిన జన్యువు రాగానే పీహెచ్1ను మళ్లీ వెనక్కి తెచ్చుకుంటారు.

జన్యువు ఏదో తేల్చడం దగ్గరే అసలు ఆలస్యం జరిగింది. ఎగిరిపోయిన ముక్క చాలా పెద్దది, అందులో జన్యువులు వందల్లో ఉన్నాయి. 2006లో గ్రాహం మూర్ బృందం వెతకాల్సిన ప్రాంతాన్ని బాగా కుదించింది. మొదట అనుమానం వేరే జన్యువుల మీదికి పోయింది. చివరికి 2017లో జిప్4 జన్యువు 5బి నకలు చెడిన మొక్కల్లో, అడవి గడ్డితో సంకరం చేసినప్పుడు, ముక్కల మార్పిడి జరుగుతోందని చూపించారు. మిగతా జిప్4 నకళ్లు మూడో వర్గం (3ఎ, 3బి, 3డి) క్రోమోజోముల మీద ఉంటే, ఇదొక్కటే 5బి మీదికి వచ్చి చేరిన అదనపు నకలు. ఒకే జన్యువును దెబ్బతీస్తే చాలు కాబట్టి, పీహెచ్1బి మొక్కల్లోలా వందల జన్యువులను పోగొట్టుకునే బాధ తప్పింది.

పని ఒక్క పీహెచ్1తో అయిపోలేదు. 3డి మీద ఇంకాస్త బలహీనంగా పనిచేసే పీహెచ్2 ఉంది. 2021లో అది ఎంఎస్‌హెచ్7 జన్యువని తేలింది. ఆవజాతి నూనెగింజ పంటల్లో ఇదే పని చేసే స్థానాల కోసం వేట సాగుతోంది. ఒకే రకం క్రోమోజోములు నాలుగేసి ఉండే బంగాళాదుంపలో మాత్రం సమస్య వేరు. అక్కడ దాయాదులే లేరు, నాలుగూ ఒకదానికొకటి సమానమే, ఎవరు ఎవరితో జతకట్టినా కట్టినట్టే.