వడదెబ్బా, గుండెపోటా: చెన్నైలో మళ్లీ అదే తగువు

ఎండలు ముదిరితే చాలు, చెన్నైలో ఈ తగువు మళ్లీ లేస్తుంది. సెంట్రింగ్ పని చేస్తూ ఉన్నట్టుండి కూలిపోయిన మనిషి వడదెబ్బతో పోయాడా, గుండెపోటుతోనా? కాగితంలో ఏ మాట పడిందన్నదాన్నిబట్టి ఆ ఇంటికి 4 లక్షల పరిహారం వస్తుంది, లేదా ఆగిపోతుంది. 2024 అక్టోబర్‌లో తమిళనాడు ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించాక వచ్చిన లెక్క ఇది.

అదే నెల 6న మెరీనాలో వైమానిక దళ విన్యాసాలు చూడ్డానికి లక్షల మంది వచ్చారు. ఐదుగురు ప్రాణాలు పోయాయి. గొడుగులు, నీళ్లు తెచ్చుకోమని ముందే చెప్పామని, ఏర్పాట్లలో లోటు లేదని ప్రభుత్వం అంది. అయితే ఆ రోజు వేడి సుమారు 35 డిగ్రీలే. తీరప్రాంతంలో 37కు చేరితే గానీ వాతావరణ శాఖ వడగాడ్పు మాటే ఎత్తదు. మరి 35 డిగ్రీలకే మనిషి ఎలా పోతాడు?

దీనికి జవాబు అమెరికాలోని సియాటిల్‌లో దొరికింది, అదీ యాభై ఏళ్ల కిందట. శరీరం పనితీరును పరిశోధించే శాస్త్రవేత్త లోరింగ్ రోవెల్ బృందం వాలంటీర్లకు వేడినీళ్లు పారే సూట్లు తొడిగి, వాళ్లు కదలకుండా పడుకుని ఉండగానే గుండె పనిని కొలిచింది. మామూలుగా నిమిషానికి అర లీటరు కూడా అందని చర్మానికి ఏడెనిమిది లీటర్ల రక్తం వెళ్లింది. గుండె రెట్టింపు పని చేసింది. పేగులకు, కిడ్నీలకు వెళ్లే రక్తం తగ్గిపోయింది. ఏ బరువూ ఎత్తకుండానే ఇంత భారం పడింది.

ఈ పని చేయించేది నాడులు. గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. వేగస్ నాడి బ్రేకులా పట్టి ఉంచబట్టే 70 దగ్గర ఉంటుంది. ఒళ్లు వేడెక్కితే మెదడు ఆ పట్టు సడలించి, గుండెను పరిగెత్తించే సింపథెటిక్ నాడులను ఉసిగొల్పుతుంది. పైగా వేడి రక్తం తగిలి గుండె తనంతట తానే వేగం పెంచుకుంటుంది. ఒంట్లో ఒక్కో డిగ్రీకి సుమారు 8 నుంచి 10 స్పందనలు పెరుగుతాయి. రక్తనాళాల్లో పూడికలున్న గుండెకు ఆ వేగంలో తనకు కావాల్సిన రక్తం నింపుకునే వ్యవధే చిక్కదు. అందుకే ఒంటి వేడి వడదెబ్బకు గుర్తుగా చూసే 40 డిగ్రీలకు చేరకుండానే ప్రాణం పోవచ్చు. దాన్ని వట్టి గుండెపోటు అని రాసేస్తే సగమే రాసినట్టు.

నిలబడితే ఇంకా కష్టం. రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, చర్మంలో నాళాలు తెరుచుకునే ఉంటాయి, బీపీ పడిపోతుంది. మెరీనా ఇసుకలో జనం గంటల తరబడి అలాగే నిలబడ్డారు, చెమట కారి నీళ్లు తగ్గిన ఒంటితో. టీ నగర్ బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడే మన తెలుగు అమ్మాయిల సంగతీ అంతే. కూర్చునే హక్కు చట్టం కేరళలో 2018లో, ఇక్కడ 2021లో వచ్చింది. గుండె వైపు నుంచి చూస్తే అది ఎంత అవసరమో అర్థమవుతుంది. స్టూలు వేయని షాపులను ఇంకా చూస్తూనే ఉన్నాం.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి కొత్తగా సైటుకు దిగినవాళ్లకు మొదటి వారమే గండం. ఒంట్లో రక్తద్రవం పెరిగి, గుండె వేగం కుదుటపడి, వేడికి అలవాటు పడేందుకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. బీపీకి నీళ్ల మాత్రలు (ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసేవి) వేసుకునేవాళ్లకు మరీ ప్రమాదం. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్ల గుండె అవసరానికి తగ్గట్టు వేగం అందుకోలేదు.

కూలిపోయిన మనిషి ఆస్పత్రికి చేరేసరికి ఒళ్లు చల్లబడి ఉండొచ్చు. ఎన్ని గంటలు ఎండలో ఉన్నాడు, పనిలో చేరి ఎన్నాళ్లయింది, ఏ మాత్రలు వాడుతున్నాడు అన్నది తోటి కూలీలకే తెలుసు. వాళ్లు తెలుగులో చెప్పేది అడిగి, తమిళం తెలిసిన ఒకరిని పక్కన పెట్టుకునైనా కేస్‌షీట్‌లో రాయాలి. పోస్ట్‌మార్టం చేసే డాక్టర్‌కు ఆ నాలుగు లైన్లు అందితేనే, పరిహారం ఫైలు ఒంటి వేడి అంకె దగ్గరే ఆగిపోకుండా ముందుకు కదులుతుంది.