విదేశంలో పెళ్లి కాగితాలు: అపోహలు - వాస్తవాలు

విదేశంలో పెళ్లి అనుకున్నప్పుడు ముహూర్తం కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ పెళ్లి ఏ దేశపు చట్టం కింద, ఏ తేదీన జరిగినట్టు? ఏ కాగితాలు కావాలన్నది దీన్ని బట్టే ఉంటుంది.

అపోహ: గుళ్లో తాళి కట్టాం, రిజిస్టర్ చేయించలేదు కాబట్టి ఇంకా అవివాహితులమే.

వాస్తవం: కాదు. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టే. రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే. దీన్ని పట్టించుకోక దెబ్బతినేది ఎక్కువగా అమెరికా కె-1 వీసా వాళ్లు. అది కాబోయే జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా. అక్కడ దిగిన 90 రోజుల్లోపు పెళ్లి చేసుకోవాలి. ముందే ఇక్కడ పెళ్లయిపోతే ఆ దారి మూసుకుపోతుంది, భార్య లేదా భర్త కోసం వేసే ఐ-130 పిటిషన్‌తో మళ్లీ మొదలుపెట్టాలి. నిశ్చితార్థం ఫొటోల్లో దండలు, తలంబ్రాలు కనిపిస్తే అధికారికి అనుమానం రావడం సహజం. కె-1 వేసినవాళ్లు ఉంగరాలు, తాంబూలాల దగ్గరే ఆగడం మేలు.

ఇక్కడ పెళ్లి చేసుకుని, అమెరికా వెళ్లాక కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది) ఆఫీసులో మళ్లీ చేసుకుంటే ఒకే జంటకు రెండు పెళ్లి తేదీలు వస్తాయి. తర్వాత వేసే ప్రతి దరఖాస్తులో ఏ తేదీ రాయాలన్న చిక్కు మొదలవుతుంది. మొదటి పెళ్లినే ఇక్కడ రిజిస్టర్ చేయించుకోండి.

అపోహ: అమెరికాలో మ్యారేజ్ లైసెన్సు చేతికొస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: లైసెన్సు అనుమతి మాత్రమే. టెక్సాస్‌లో మామూలుగా అది ఇచ్చిన 72 గంటల దాకా పెళ్లి చేయకూడదు; కాలిఫోర్నియాలో అలాంటి ఆగుడు లేదు గానీ 90 రోజుల్లో గడువు తీరిపోతుంది. పెళ్లి చేయించిన పురోహితుడు సంతకం పెట్టి లైసెన్సును కౌంటీకి తిరిగి పంపాలి: కాలిఫోర్నియాలో 10 రోజుల్లో, టెక్సాస్‌లో 30 రోజుల్లో. ఆ తర్వాతే సర్టిఫైడ్ కాపీ వస్తుంది, అపోస్టిల్ (కాగితం అసలైనదేనని వేరే దేశానికి చెప్పే ప్రభుత్వ ధ్రువీకరణ) వేసేది దాని మీదే. పెళ్లి హడావుడిలో లైసెన్సు పురోహితుడి సంచిలోనే ఉండిపోవచ్చు, వారం తిరగకముందే ఫోన్ చేసి అడగండి.

మేనరికం అయితే ముందే చూసుకోవాలి. టెక్సాస్ దరఖాస్తులో అత్త కొడుకు, మామ కూతురు వరస కామని ప్రమాణం చేయాలి. కాలిఫోర్నియాలో ఆ అడ్డు లేదు.

అపోహ: అపోస్టిల్ ఉంటే ఏ దేశంలోనైనా చెల్లుతుంది.

వాస్తవం: 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్యే అది చెల్లుతుంది. మనకు 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు, అందుకే అక్కడికి పంపే కాగితానికి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, మన విదేశాంగ శాఖ అటెస్టేషన్, యూఏఈ ఎంబసీ ముద్ర, ఆఖరున అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, ఇదే వరసలో పడాలి.

జర్మనీ సంగతి ఇంకా కష్టం. భారత్ ఒప్పందంలో చేరడంపై జర్మనీ అభ్యంతరం చెప్పింది, అందుకే మన అపోస్టిల్ అక్కడ పనికిరాదు. పెళ్లి నమోదు చేసే స్టాండెసామ్ట్ మన కాగితాలను ఇండియాలోని జర్మన్ కాన్సులేట్ ద్వారా తనిఖీ చేయిస్తుంది. జనన ధ్రువపత్రం ఇచ్చిన ఆఫీసు, చదివిన బడి, ఇల్లు, ఇరుగుపొరుగు దాకా విచారణ వెళ్లవచ్చు. దీనికి నెలలు పడుతుంది, ఖర్చు మీదే. ఆపైన, పెళ్లికి అడ్డేమీ లేదని సొంత దేశం ఇచ్చే పత్రం చూపనక్కర్లేదంటూ అక్కడి ఉన్నత ప్రాంతీయ కోర్టు నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి, అది ఆరు నెలలే చెల్లుతుంది.

ఫైలు ఆగేది పేర్ల దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, జనన ధ్రువపత్రంలో అసలు బిడ్డ పేరే ఉండదు. మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే తనిఖీ మొదలయ్యే ముందే దిద్దించాలి.

అపోహ: ఇండియన్ ఎంబసీలో ఒక్కరోజులో పెళ్లి చేస్తారు.

వాస్తవం: విదేశీ వివాహ చట్టం, 1969 ప్రకారం నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరైనా 30 రోజులు ఆ ఎంబసీ పరిధిలో ఉండాలి. నోటీసు ప్రచురించాక అభ్యంతరాలకు ఇంకో 30 రోజులు. ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు ఇచ్చిన ఆరు నెలల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికే. రెండు వారాల సెలవులో అయ్యే పని కాదు. అక్కడి చట్టం ప్రకారం ఇప్పటికే పెళ్లయి ఉంటే, ఇదే చట్టంలోని 17వ సెక్షన్ కింద ఎంబసీలో నమోదుకు అడగవచ్చు.

అపోహ: విడాకుల డిక్రీ వచ్చింది కదా, రెండో పెళ్లికి అడ్డేముంది?

వాస్తవం: హిందూ వివాహ చట్టం కింద అప్పీలు గడువు 90 రోజులు. అది తీరాకే మళ్లీ పెళ్లి, అప్పీలు వేసి ఉంటే అది కొట్టేశాకే. విదేశీ కోర్టు డిక్రీ అయితే ఇంకా జాగ్రత్త అవసరం. తిరుపతిలో పెళ్లయి, అమెరికాలోని మిస్సోరిలో భర్త తెచ్చుకున్న విడాకులను 1991లో సుప్రీంకోర్టు గుర్తించలేదు. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో, విడాకులకు కారణం ఆ చట్టంలో ఉండాలని, రెండో పక్షం తనంతట తాను వచ్చి వాదించి ఉండాలని చెప్పింది. ఇద్దరి సమ్మతితో తెచ్చుకున్నదైతే మినహాయింపు ఉంది. అలాంటి డిక్రీ మీ చేతిలో ఉంటే, కొత్త సంబంధం వాళ్లకు మాట ఇచ్చే ముందే వకీలుకు చూపించండి.