మధ్యలో మానేసే కుటుంబాలు: అపోహలు - వాస్తవాలు

పిల్లల్లో దూకుడు, మొండితనం ముదరకముందే తల్లిదండ్రులకు తోడ్పడే కార్యక్రమాలు నిజంగా పనిచేస్తున్నాయో లేదో తేల్చే అధ్యయనాల్లో కుటుంబాలను చేర్చుకోవడం, ఏళ్ల తరబడి నిలుపుకోవడం మా పని. దీనిపై నాటుకుపోయిన కొన్ని అభిప్రాయాలను సరిదిద్దడం అవసరం.

అపోహ: పేద కుటుంబాలు చివరిదాకా నిలవవు.

వాస్తవం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో సుమారు 3,000 మంది పిల్లలతో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అనే దీర్ఘకాల అధ్యయనం పేద ప్రాంతాలకే ఎక్కువ చోటిచ్చింది, అయినా 2016 విడతలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అందుబాటులోనే ఉన్నారు. అది కార్యక్రమమేదీ అందించకుండా చేసిన పరిశీలనే అయినా, నిలుపుకోవడం సాధ్యమని చూపింది. కూలికి వెళ్లే తల్లిని పగలు పదకొండింటికి రమ్మంటే రావడం కుదరదు, సిమ్ మారిస్తే మనకు దొరకదు. అందుకే మొదటి రోజే ఆమె అనుమతితో పుట్టింటివారిదో ఆడపడుచుదో మరో నంబరు రాసుకుంటాం. ఆ నంబరుకు ఫోన్ చేసినప్పుడు అధ్యయనం దేని గురించో చెప్పం. వలస వెళ్లినవారిని పండక్కి ఊరొచ్చినప్పుడు కలుస్తాం.

అపోహ: పిల్లవాడితో ఇబ్బంది ఉన్నవారు వాళ్లంతట వాళ్లే వస్తారు.

వాస్తవం: అలా వచ్చేసరికి నివారణకు సమయం దాటిపోతుంది. అమెరికాలో రెండేళ్ల పిల్లలున్న 731 కుటుంబాలతో జరిగిన ‘ఫ్యామిలీ చెకప్’ అనే తల్లిదండ్రుల తోడ్పాటు కార్యక్రమ ప్రయోగం, తల్లులు ఎలాగూ వచ్చే ప్రభుత్వ పోషకాహార కేంద్రాల్లోనే వారిని కలిసింది. మనకు అంగన్‌వాడీ అలాంటి చోటు. అయితే టీచరమ్మ అడిగితే కాదనలేక ఒప్పుకునేవారుంటారు కనుక, సమ్మతి ఆమె ద్వారా తీసుకోకూడదు. ఇంట్లో మాట్లాడుకోవడానికి వ్యవధి ఇవ్వాలి.

అపోహ: మానేసినవారి బదులు కొత్తవారిని చేర్చుకుంటే లెక్క సరిపోతుంది.

వాస్తవం: అన్నింటికంటే హాని చేసేది ఈ ఆలోచనే. కొత్త కుటుంబానికి, అధ్యయనం మొదట్లో పిల్లల ప్రవర్తనను కొలిచిన మొదటి కొలత ఉండదు. కార్యక్రమం ఎవరికి అందాలి, పోలిక కోసం ఎవరు ఉండాలి అన్నది లాటరీ పద్ధతిన తేల్చడం వల్ల వచ్చిన సమతూకమూ చెదురుతుంది. పైగా దూరమయ్యేవారిలో తరచుగా ఒత్తిడి ఎక్కువున్న ఇళ్లే ఉంటాయి కాబట్టి, మిగిలినవారి ఫలితాలు చూసి కార్యక్రమం బాగా పనిచేసిందని పొరపడవచ్చు. కార్యక్రమం తరగతులకు రావడం మానేసినవారిని కూడా, వారు ఒప్పుకుంటే, ఆఖరి కొలతకు తప్పక కలవాలి. పోలిక కోసం ఉంచిన కుటుంబాలనూ అంతే శ్రద్ధగా పలకరిస్తుండాలి.

అపోహ: డబ్బు ఇస్తే చాలు.

వాస్తవం: ఛార్జీలు, పోయిన కూలి చెల్లించడం న్యాయం. ఆశ చూపి ఒప్పించడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు అనుమతించవు.

అపోహ: సంతకమో వేలిముద్రో వేశాక తప్పుకోకూడదు.

వాస్తవం: ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు, అందువల్ల వారికి అందే ఇతర సేవలేవీ ఆగకూడదు. ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతిని విడిగా అడగాలి.