చలానా పడితే కారు ఇన్సూరెన్స్ పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

రెన్యూవల్ టైమ్ వచ్చిందంటే మా ఇన్సూరెన్స్ ఏజెంట్లకు తప్పనిసరిగా వచ్చే ఫోన్ ఇది: “అన్నా, కారు మీద నాలుగు చలాన్లున్నాయి. అవి కట్టకపోతే ప్రీమియం పెరుగుతుందంట కదా?” ఈ మాట ఎక్కడి నుంచి వస్తుందో కూడా మాకు తెలుసు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకో అల్లుడో స్పీడింగ్ టికెట్ పడి ఇన్సూరెన్స్ పెరిగిందని ఫోన్లో చెప్తాడు. అక్కడ అది నిజమే. ఇక్కడ లెక్క వేరు.

అపోహ: చలాన్లు ఎక్కువుంటే ప్రీమియం ఎక్కువ వేస్తారు.

వాస్తవం: ప్రస్తుతానికి అలాంటిదేమీ లేదు. ప్రీమియంలో ప్రధానంగా రెండు భాగాలుంటాయి. మొదటిది థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది. దీని రేటు కేంద్ర ప్రభుత్వం ఖరారు చేస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1000 సీసీ లోపు సొంత కారుకు 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897. ఒక్క చలానా లేని పెద్దమనిషికీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద కెమెరా కెమెరాకీ ఫొటో దిగిన కుర్రాడికీ ఇదే రేటు.

రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టేది. 2007 నుంచి దీని రేటు కంపెనీల చేతిలోనే ఉంది. వాళ్లు చూసేది మోడల్, బండి వయసు, ఐడీవీ (బండికి కంపెనీ లెక్కగట్టిన విలువ), పాత క్లెయిములు, రిజిస్ట్రేషన్ ఊరు. హైదరాబాద్ బండి ‘ఏ’ జోన్, విజయవాడ, వరంగల్ బండ్లు ‘బి’ జోన్. ప్రపోజల్ ఫారంలో చలాన్లకు కాలమ్ ఉండదు.

మరి పేపర్లో చదివామే అంటారా? చదివే ఉంటారు. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో దీని మీద ఒక వర్కింగ్ గ్రూప్ వేసింది. తాగి నడిపితే 100 పాయింట్లు, రాంగ్ పార్కింగ్‌కు 10, ఆ పాయింట్లను బట్టి ‘ట్రాఫిక్ ఉల్లంఘనల ప్రీమియం’ అని అదనంగా వసూలు చేయాలని ఆ గ్రూప్ 2021 జనవరిలో సిఫారసు చేసింది. ముందుగా ఢిల్లీ ప్రాంతంలో మొదలుపెట్టాలన్నారు. అది సిఫారసుగానే మిగిలింది. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు మళ్లీ కదిలిస్తారు, మాకు మళ్లీ ఫోన్లు మొదలవుతాయి.

అపోహ: చలాన్లు పెండింగ్‌లో ఉంటే రెన్యూవల్ చేయరు.

వాస్తవం: చేస్తారు. చలాన్లతో ఇబ్బంది బండి అమ్మేటప్పుడు వస్తుంది, కొనేవాడు ముందు అదే చూస్తాడు. తెలంగాణలో 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబర్‌లో ఇంకోసారి పెద్ద డిస్కౌంట్లు ఇచ్చాక కట్టకుండా ఆఫర్ కోసం ఎదురుచూసేవాళ్లు ఎక్కువయ్యారు. అది మీ ఇష్టం. కానీ ఇన్సూరెన్స్ మాత్రం ఆపుకోకండి. పాలసీ లేకుండా దొరికితే చట్టం ప్రకారం మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, జైలు కూడా పడొచ్చు. గడువు దాటి 90 రోజులైతే, క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు ఎన్‌సీబీ కూడా పోతుంది.

అపోహ: ఫైన్ కట్టేశాను కాబట్టి క్లెయిమ్‌కు ఇబ్బంది లేదు.

వాస్తవం: నిజంగా టెన్షన్ పడాల్సింది ఇక్కడ. కంపెనీకి చలానా కాగితంతో పని లేదు. ప్రమాదం జరిగినప్పుడు స్టీరింగ్ ముందు ఎవరున్నారు, ఏ స్థితిలో ఉన్నారు అన్నదే కావాలి. పెద్ద క్లెయిమ్ అయితే సర్వేయర్‌తో ఆగదు, ఇన్వెస్టిగేటర్ వస్తాడు. ఎఫ్ఐఆర్ చదువుతాడు, పోలీసు కేసుల కోసం ఆస్పత్రిలో రాసే ఎంఎల్‌సీ రిపోర్టు తెప్పించుకుంటాడు. తాగి నడిపినట్టు తేలితే ఓన్ డ్యామేజ్ రూపాయి రాదు. చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. “ఒక్క బీరే సార్” అన్న మాట ఆ రిపోర్టు ముందు నిలవదు.

లైసెన్స్ లేని బావమరిది నడిపినా అంతే. ఎదుటివాళ్లకు దెబ్బలు తగిలితే, ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ చాలాసార్లు పరిహారం ముందు కంపెనీ చేత కట్టించి, తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోమంటుంది. ఆ మొత్తం ఒక్కోసారి లక్షలు దాటుతుంది. వెయ్యి రూపాయల చలానా గురించి పది ఫోన్లు చేసేవాళ్లు తాళాలు ఎవరి చేతికిస్తున్నారో ఆలోచించరు, అదే నాకు వింత.

అపోహ: ప్రీమియం కట్టాం కదా, చిన్న గీత పడినా క్లెయిమ్ చేసుకోవాలి.

వాస్తవం: ప్రీమియం నిజంగా పెరిగేది ఇలాగే. క్లెయిమ్ లేని ఏడాదులు పెరిగే కొద్దీ ఓన్ డ్యామేజ్ మీద 20, 25, 35, 45, 50 శాతం తగ్గింపు వస్తుంది. అదే ఎన్‌సీబీ. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడిపోతుంది.

మీ ఓన్ డ్యామేజ్ 12,000 అనుకోండి. 50 శాతం పోను 6,000 కడుతున్నారు. బంపర్‌కు 7,000 బిల్లయింది. జీరో డెప్ (విడిభాగాల అరుగుదల కింద కోత పెట్టని కవర్) ఉన్నా తప్పనిసరి కోత 1,000 పోను చేతికొచ్చేది 6,000. వచ్చే ఏడాది ఆ తగ్గింపు ఉండదు కాబట్టి అదనంగా 6,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,080 కట్టాలి. అంతటితో అయిపోదు. మళ్లీ 20తో మొదలై 50కి చేరేదాకా ఏటా కొంత పోతూనే ఉంటుంది. రేటు మారలేదనుకుంటే ఐదేళ్లలో మొత్తం 15,000, జీఎస్టీ అదనం.

క్లెయిమ్ దాచి వేరే కంపెనీలో ఎన్‌సీబీ తీసుకుందాం అంటారు కొందరు. పాత కంపెనీని అడిగితే తెలిసిపోతుంది. అబద్ధం బయటపడితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిరస్కరిస్తారు.

అపోహ: బండి అమ్మేశాక వచ్చే చలాన్లు, యాక్సిడెంట్లు కొన్నవాడి తలనొప్పి.

వాస్తవం: ఆర్‌సీలో పేరు మారేదాకా మీదే. సుప్రీంకోర్టు 2018లో తేల్చిన మాట ఇది: రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్. కొన్నవాళ్లు కూడా 14 రోజుల్లో పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి.

అపోహ: అమెరికాలో ఏ టికెట్ వచ్చినా ఇన్సూరెన్స్ పెరుగుతుంది.

వాస్తవం: అక్కడా అన్నీ కాదు. మామూలుగా పార్కింగ్ టికెట్ డ్రైవింగ్ రికార్డుకు ఎక్కదు. స్పీడింగ్, రెడ్ లైట్ దాటడం లాంటివి ఎక్కుతాయి, కంపెనీ రెన్యూవల్‌లో ఆ రికార్డు తీసి చూస్తుంది. టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లు చేసే పొరపాటు ఒకటి: పీడా పోతుందని ఆన్‌లైన్లో వెంటనే ఫైన్ కట్టేస్తారు. అలా కడితే తప్పు ఒప్పుకున్నట్టే, అది రికార్డుకెక్కుతుంది. చాలా మామూలు టికెట్లకు, 12 నెలల్లో ఒకసారి, డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు చేసి కొట్టేయించుకునే వీలుంది. టికెట్ మీద వేసిన తేదీలోపు కోర్టును అడగాలి. లిమిట్ కంటే 25 మైళ్లు, ఆపైన ఎక్కువ వేగంతో దొరికినవాళ్లకు మాత్రం ఈ అవకాశం ఉండదు.