డయేరియాలో ఆ ‘ఓ’ ఎక్కడిది?

డి, ఐ, ఏ, ఆర్, ఆర్, హెచ్, ఓ, ఈ, ఏ. సెలవు చీటీలో ఈ తొమ్మిది అక్షరాలనూ వరసగా పేర్చలేక మా తరగతిలో సగం మందిమి విరేచనాలను జ్వరంగా మార్చి రాసేవాళ్లం. జ్వరానికి ఐదు అక్షరాలు చాలు. ఓ ఏడాది ధైర్యం చేసి అసలు జబ్బే రాశాను గానీ, ‘ఓ’ మరిచిపోయాను. మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ నేర్చుకుంటుంటే, అదే మాటలో ‘ఓ’ ఉంచినందుకు తప్పు వేశారు. అమెరికా డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే ఆ పనిలో మొదటి పాఠం, బళ్లో నేర్చింది మరిచిపోవడం.

తప్పు మాస్టారిదీ కాదు, శిక్షణ ఇచ్చినవారిదీ కాదు. ఇంగ్లీషు వైద్య పదాల్లో చాలావాటికి ఇంగ్లీషు కన్నతల్లి కాదు. అవి గ్రీకులో పుట్టి, లాటిన్ లిపిలో పెరిగి, ఇంగ్లీషు ఇంటికి వచ్చాయి. ‘దియా’ అంటే గుండా, ‘రోయియా’ అంటే ప్రవాహం. గ్రీకులో మాట మొదట వచ్చే రకారాన్ని ఊపిరి కలిపి పలుకుతారు. దాని ముందు మరో మాట చేరితే మన సంధుల్లో ద్విత్వం వచ్చినట్టు ఆ రకారం రెట్టిస్తుంది. రెండు ఆర్‌లు, వెనక ఒక హెచ్ అలా వచ్చాయి. రక్తస్రావాన్ని చెప్పే హెమరేజ్‌లోనూ ఇదే వరస. ఇక గ్రీకు ‘ఒయ్’ని రోమన్లు ఓ, ఈ జంటగానూ ‘అయ్’ని ఏ, ఈ జంటగానూ రాసుకున్నారు. మాస్టారు సున్నా చుట్టిన ‘ఓ’ అక్కడిది.

కంటి వైద్యుల బోర్డుల మీద ‘ఆఫ్తల్మాలజిస్ట్’లో తరచూ మాయమయ్యే హెచ్‌ది ఇంకా ముచ్చటైన కథ. కన్నుకు గ్రీకు మాట ‘ఒఫ్థల్మోస్’. ఆ భాషలో ఫ, థ లకు మనకు లాగే ఒక్కొక్క అక్షరం ఉంది. రోమన్ లిపిలో ఒత్తక్షరాలు లేవు కనుక పక్కన హెచ్ నిలబెట్టారు. రెండు అక్షరాలు నాలుగయ్యాయి. నాలుగింటిలో ఒకటి జారిపోవడంలో వింతేముంది? 1826లో ఫ్రెంచి వైద్యుడు బ్రెటోనో మన కంఠసర్పికి పేరు పెడుతూ తోలు అనే అర్థమున్న గ్రీకు మాటను తీసుకున్నాడు, గొంతులో తోలులాంటి పొర కడుతుందని. డిఫ్తీరియాలోనూ అవే నాలుగు అక్షరాలు, అదే జారుడు.

అమెరికాలో స్పెల్లింగులను తేలిక చేయాలన్న పట్టుదల నోవా వెబ్‌స్టర్‌ది. ఆయన పెద్ద నిఘంటువు 1828లో వచ్చింది. ఆ గాలిలోనే వైద్య పదాల్లోని జంట అచ్చులు కూడా క్రమంగా ఒంటరి ఈ గా మిగిలాయి. ఇందులో ఒక తమాషా ఉంది. 1846లో బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి శస్త్రచికిత్స చేసి చూపిన కొద్ది వారాలకు, ఆ మత్తు స్థితికి ‘అనస్థీషియా’ అన్న పేరు సూచించింది ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే అమెరికా వైద్యుడే. ఇప్పుడు అందులోని పాత ఏ, ఈ జంటను కాపలా కాస్తున్నది బ్రిటన్.

అయితే పాతదల్లా అసలుది అనుకోకూడదు. గర్భస్థ శిశువును చెప్పే ‘ఫీటస్’ను ఓ, ఈ కలిపి రాయడమే పాండిత్యమని మాకు చెప్పారు. ప్రాచీన లాటిన్‌లో ఆ ‘ఓ’ లేనే లేదు. ఏడో శతాబ్ది తొలినాళ్లలో సెవిల్ నగర బిషప్ ఇసిడోర్ ఈ మాటను ‘ఫోవెయో’ అనే క్రియతో ముడిపెట్టాడు. పొదిగి సాకడం దాని అర్థం. వ్యుత్పత్తి పొరపాటే గానీ ‘ఓ’ మాత్రం శతాబ్దాల పాటు నిలిచింది. ఇప్పుడు బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ కూడా ‘ఓ’ లేకుండానే రాస్తోంది. తన పేరులోని గైనకాలజీలో మాత్రం ఏ, ఈ జంటను వదల్లేదు.

మందుల పేర్లలో ఈ గొడవను ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. 1950లో మొదలైన జెనరిక్ పేర్ల పథకంలో పీహెచ్ బదులు ఎఫ్, టీహెచ్ బదులు టీ, వై బదులు ఐ వాడాలని, జంట అచ్చుల చోట ఈ ఒక్కటే చాలని సూత్రాలు పెట్టుకున్నారు. ఏ భాషవారైనా తడబడకుండా రాయాలన్నది ఉద్దేశం. రసాయనవేత్తలు కూడా గంధకం ఇంగ్లీషు పేరు సల్ఫర్‌లో పీహెచ్ బదులు ఎఫ్‌నే 1990లో ఖాయం చేశారు. ఐరోపా నిబంధనలకు లోబడి బ్రిటన్ తన పాత మందుల పేర్లలో చాలావాటిని మార్చుకుంది. మన మందుల షాపులో మాత్రం అమాక్సిసిలిన్ స్ట్రిప్పు మీద వై ఇంకా కనిపిస్తుంది. నొప్పి తెలియకుండా మొద్దుబార్చే లిడోకెయిన్ మనకు ఇప్పటికీ లిగ్నోకెయినే. శస్త్రచికిత్సకు బ్రిటిష్ పుస్తకం, జనరల్ మెడిసిన్‌కు అమెరికా పుస్తకం చదివే మన వైద్య విద్యార్థి చేతిలో రెండు పద్ధతులూ కలిసిపోతాయి. అన్నవాహికను ‘ఓ’తో మొదలుపెట్టి రాసే డాక్టరే, అందులోకి ఆమ్లం ఎగదన్నే జబ్బును అమెరికా పొట్టిపేరుతో, అన్నవాహికకు ‘ఓ’ బదులు ఈ పెట్టి, జీఈఆర్‌డీ అంటారు. ఏ రోగికీ దీనివల్ల నష్టం లేదు.

నష్టం వేరేచోట ఉంది, దానికి మా బళ్లో ఎవరూ ఎర్రసిరా వాడలేదు. చిన్నపేగు చివరి భాగం ఇలియం. తుంటి ఎముక పైభాగమూ ఇలియమే. ఇంగ్లీషులో పేగుకు నడుమ ఈ, ఎముకకు ఐ, పలకడంలో తేడా లేదు. తెలుగులో రాస్తే ఆ ఒక్క అక్షరం తేడా కూడా మిగలదు. కాలి పక్క భాగాన్ని చెప్పే ‘పెరోనియల్’, మలద్వారానికీ జననాంగాలకూ నడుమ చోటును చెప్పే ‘పెరినియల్’ కూడా ఇలాంటివే. 1998లో వెలువడిన అంతర్జాతీయ శరీర నిర్మాణ పదావళి మొదటిదాని బదులు ‘ఫిబ్యులర్’కు ప్రాధాన్యమిచ్చింది.

శిక్షణలో మాకు వినిపించిన టేపుల్లో ఒకటి గుర్తుంది. డాక్టరు గబగబా ‘ఇలియం’ అని ముందుకు సాగిపోయాడు. చెవికి ఆధారమేమీ దొరకలేదు. పెడలు తొక్కి, టేపు వెనక్కి తిప్పి, అంతకు ముందు వాక్యం మళ్లీ విన్నాను. మెట్ల మీద నుంచి జారిపడ్డ మనిషి. ఐ కొట్టాను.